సంధి కుదిర్చిన పెద్దమనిషి: విరుదునగర్ కామరాజ్ గారి జీవితము



ప్రతి సంఘములోను పాటలు చక్కగా పాడేవారు ఉంటారు. ప్రార్థనాపరులు ఉంటారు. కానుకలు ధారాళముగా ఇచ్చేవారు ఉంటారు. కాని రెండు పక్షములుగా చీలిన మనుష్యులను ఒకచోట కూర్చుండబెట్టి ఒక మాట మీదికి తేగలిగినవారు బహు అరుదు. కమిటీ ఎన్నికల దగ్గర, ఆస్తి లెక్కల దగ్గర, పాస్టరు గారిని పిలిచే సమయములో మొదలైన చిన్న తగవు పెద్దదై, చివరకు కోర్టు మెట్లెక్కి, ఒకే మందిరము రెండు గుంపులైన సంగతులు మన తెలుగు బాప్టిస్టు సంఘములలో మనము ఎరుగనివి కావు. స్వంత ఊరు విడిచి పరాయి రాష్ట్రములో స్థిరపడిన మనకు సంఘమే బంధువర్గము. అది చీలితే మనకు వేరే ఇల్లు లేదు.

అందుచేత ఈ సంచికలో, తగవులు తీర్చుటలో మన దేశములోనే పేరుపొందిన ఒక మనిషి జీవితమును గూర్చి వ్రాయదలచాను. ఆయన క్రైస్తవుడు కాడు. ఎక్కువ చదువుకున్నవాడును కాడు. అయినను ఆయన నడత నుండి సంఘ పెద్దలమైన మనము నేర్చుకొనవలసినది ఎంతైనా ఉన్నది. ఆయనే విరుదునగర్‌కు చెందిన కామరాజ్ నాడార్ గారు.

నల్లరేగడి నేల

మదురై నుండి తిరునల్వేలి వెళ్ళే రైలు మార్గములో విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి వరుసగా వస్తాయి. అంతా వర్షము మీద ఆధారపడిన నల్లరేగడి నేల. పత్తి, మిరప, నూనె గింజల వర్తకమునకు విరుదునగర్ పేరుపొందింది. అగ్గిపెట్టెలకు, వేరుశనగ చిక్కీకి కోవిల్‌పట్టి పేరుపొందింది. ఈ నేల మనకు పరాయిది కాదు. విజయనగర రాజుల కాలములోను, మదురై నాయకుల కాలములోను వలస వచ్చిన కమ్మవారు, రెడ్డియార్లు, రాజులు, రాజకంబళ నాయకులు, అరుంధతీయులు నేటికిని ఈ ఊళ్ళలో ఇంటి భాషగా తెలుగు మాట్లాడుకొంటారు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్ గ్రామములో పుట్టిన రచయిత కి. రాజనారాయణన్ గారు ఆ వలస కథనే 'గోపల్ల గ్రామం' అను పేర తమిళములో నవలగా వ్రాశారు. అనగా మనకంటె ఎన్నో తరముల ముందు వచ్చిన తెలుగువారు, తమిళ సోదరులతో సర్దుకొని బ్రదుకుట నేర్చిన నేల ఇది.

విరుదునగర్‌కు అప్పటి పేరు విరుదుపట్టి. అక్కడ 1903 జూలై 15న కుమారస్వామి నాడార్, శివకామి అమ్మాళ్ దంపతులకు కామరాజ్ జన్మించారు. ఇలవేల్పు పేరు మీద మొదట కామాక్షి అని పేరు పెట్టారు. అది తరువాత కామరాజ్ అయింది. చిన్నతనములోనే తండ్రి చనిపోయారు. తల్లి ఎంతో కష్టముతో సంసారము నడిపింది. చదువు ఆరవ తరగతి దగ్గర ఆగిపోయింది. ఆ తరువాత మేనమామ కొట్టులో పని.

నాడార్లు ఆ దినములలో చాలా అవమానములు సహించినవారు. దేవాలయ ప్రవేశము విషయములో జరిగిన గొడవలలో 1899లో దగ్గరలోని శివకాశిలో పెద్ద కొట్లాటలు జరిగి ప్రాణములు పోయాయి. కామరాజ్ పుట్టుటకు నాలుగేండ్ల ముందటి మాట అది. అయితే విరుదునగర్ నాడార్లు ఒక మంచి మార్గము ఎన్నుకొన్నారు. వర్తకులు తమ వ్యాపారములో కొంత భాగము ఊరి నిధికి చెల్లించేవారు. స్త్రీలు వండేముందు పిడికెడు బియ్యము వేరుగా తీసి బడి కొరకు ఇచ్చేవారు. ఆ పిడికెడు బియ్యముతో నడిచిన క్షత్రియ విద్యాశాలలోనే బాలుడైన కామరాజ్ చదివారు. మన తల్లులు, అమ్మమ్మలు వంటకు ముందు గుప్పెడు బియ్యము ప్రభువు కొరకు తీసిపెట్టిన ఆచారము జ్ఞాపకమున్నవారికి ఇది క్రొత్త సంగతి కాదు. అందరి పిడికిళ్ళతో చదువుకున్నవాడు అందరివాడయ్యాడు.

విరోధి అయినను విడువలేదు

1919లో జలియన్‌వాలాబాగ్ ఘోరము విని ఆయన మనసు దేశ సేవ వైపు తిరిగింది. 1930లో వేదారణ్యం ఉప్పు సత్యాగ్రహములో పాల్గొని జైలుకు వెళ్ళారు. 1933లో విరుదునగర్ బాంబు కేసులో ఆయనను ఇరికించారు. అప్పుడు ఆయన పక్షమున నిలిచి వాదించినవారు డాక్టర్ వరదరాజులు నాయుడు గారు, మదురైలో న్యాయవాదియైన జార్జి జోసఫ్ గారు. జోసఫ్ గారు క్రైస్తవులు. కేసు కొట్టివేయబడింది. స్వాతంత్ర్యము వచ్చేలోగా కామరాజ్ జైళ్ళలో గడిపిన కాలమంతా కలిపితే సుమారు 3,000 దినములు. వేలూరు జైలులో ఉండగానే ఆయనను విరుదునగర్ మునిసిపాలిటీకి చైర్మనుగా ఎన్నుకొన్నారు. విడుదలైన తరువాత, తాను ఆ పనికి పూర్తి సమయము ఇయ్యలేనని ఆ పదవికి రాజీనామా చేశారు. చేయలేని పని కుర్చీ కొరకు పట్టుకొని ఉండుట ఆయనకు ఇష్టము లేదు.

ఆయనకు గురువు సత్యమూర్తి గారు. 1936లో సత్యమూర్తి గారు తమిళనాడు కాంగ్రెసు అధ్యక్షులైతే కామరాజ్ కార్యదర్శి. 1940లో కామరాజ్ అధ్యక్షులైతే ఆ గురువే శిష్యుని క్రింద కార్యదర్శిగా పనిచేశారు. పెద్దవాడు చిన్నవాని క్రింద కూర్చుని పని చేయగలుగుట ఎంత గొప్ప సంగతి! మన సంఘములలో మాజీ సెక్రటరీ గారు క్రొత్త సెక్రటరీకి లెక్కల పుస్తకము అప్పగించుటకు ఎన్ని నెలలు పట్టినదో ఆలోచించండి.

సత్యమూర్తి గారికి, రాజాజీ గారికి పడేది కాదు. ఆ విరోధము శిష్యునికి కూడ సంక్రమించింది. రాజాజీ పండితుడు, న్యాయవాది, గాంధీ మహాత్మునికి వియ్యంకుడు. కామరాజ్ ఆరవ తరగతి చదివిన కార్యకర్త. 1946లో గాంధీ గారు రాజాజీని బలపరచి, ఆయనను వ్యతిరేకించేవారిని ఒక చిన్న ముఠాగా భావించి తమ పత్రికలో వ్రాశారు. కామరాజ్ మనసు నొచ్చింది. పార్లమెంటరీ బోర్డు నుండి తప్పుకొన్నారు. అయినను పార్టీని విడువలేదు, గాంధీ గారిని నిందించలేదు. ఆ ఏడే మన టంగుటూరి ప్రకాశం పంతులు గారు మద్రాసు ప్రధానమంత్రి అయ్యారు. ఆ తరువాత ఓమందూర్ రామస్వామి రెడ్డియార్, ఆపైన రాజపాళయంలోని తెలుగు రాజుల కుటుంబమునకు చెందిన కుమారస్వామి రాజా గారు ఆ పదవిలోనికి వచ్చారు.

1952 ఎన్నికలలో కాంగ్రెసుకు మద్రాసు రాష్ట్రములో మెజారిటీ రాలేదు. ప్రభుత్వము నిలబెట్టగల సమర్థుడు రాజాజీ ఒక్కరే అని అందరు భావించారు. కామరాజ్ తన విరోధమును ప్రక్కన పెట్టి దానికి ఒప్పుకొన్నారు. ఇష్టపడి కాదు, అవసరమెరిగి. సమాధానపడుట అంటే ప్రతిసారి ప్రేమ పొంగిపొర్లుట కాదు. ఒక్కొక్కసారి ఇంటి క్షేమము కొరకు గొంతులో ముద్ద దిగమ్రింగుట.

ఓడినవారికి మంత్రి పదవి

రాజాజీ 1953లో ప్రాథమిక పాఠశాలలకు ఒక క్రొత్త పద్ధతి తెచ్చారు. గ్రామములలోని పిల్లలకు రోజులో ఒక పూటే బడి. మిగిలిన పూట తలిదండ్రుల వృత్తి నేర్చుకోవలెను. దీనివలన చాకలి బిడ్డ చాకలిగాను, మాదిగ బిడ్డ చెప్పులు కుట్టేవాడుగాను మిగిలిపోతాడని రాష్ట్రమంతట వ్యతిరేకత చెలరేగింది. చివరకు 1954లో రాజాజీ తప్పుకొన్నారు. క్రొత్త నాయకుని ఎన్నికలో రాజాజీ పక్షమున సి. సుబ్రహ్మణ్యం గారు పోటీ చేశారు. ఆయన పేరును ప్రతిపాదించినవారు భక్తవత్సలం గారు. కామరాజ్‌కు 93 ఓట్లు, సుబ్రహ్మణ్యం గారికి 41 ఓట్లు వచ్చాయి.

1954 ఏప్రిల్ 13న కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యారు. తనతో కలిపి ఎనిమిదిమందితో చిన్న మంత్రివర్గము ఏర్పరచుకొన్నారు. అందులో తన మీద పోటీ చేసి ఓడిన సుబ్రహ్మణ్యం గారు ఉన్నారు. ఆ పేరు ప్రతిపాదించిన భక్తవత్సలం గారు కూడ ఉన్నారు. ఆర్థిక శాఖ, విద్యా శాఖ వంటి ముఖ్యమైన శాఖలు సుబ్రహ్మణ్యం గారికే ఇచ్చారు. కాంగ్రెసుకు ఎదురుగా నిలిచి గెలిచిన వన్నియర్ పార్టీల నాయకులు మాణిక్యవేలు నాయకర్, రామస్వామి పడయాచి గార్లకు కూడ స్థానము కల్పించారు. హిందూ దేవాదాయ శాఖను హరిజనుడైన పరమేశ్వరన్ గారికి అప్పగించారు. గుడి గుమ్మము దగ్గర ఆగిపోవలసి వచ్చిన కులమునకు ఆ గుళ్ళ మీదనే అధికారము!

కొద్ది వారములలోనే ఒంటిపూట బడి పద్ధతి రద్దయింది. దానిని సభలో ప్రకటించినవారు విద్యామంత్రి సుబ్రహ్మణ్యం గారే. ఓడిన పక్షము వారి నోటనే ఆ మాట వచ్చినందున అది పగతీర్చుకొన్నట్లు కాక, తప్పు దిద్దుకొన్నట్లుగా నిలిచింది.

బైబిలు ఎరిగిన మనకు ఇది వినగానే అపొస్తలుల కార్యముల గ్రంథములోని ఆరవ అధ్యాయము జ్ఞాపకము రావలెను. అనుదిన పరిచర్యలో తమ విధవరాండ్రకు అన్యాయము జరుగుచున్నదని గ్రీకు భాష మాట్లాడేవారు సణిగినప్పుడు, అపొస్తలులు వారి నోరు మూయించలేదు. ఏడుగురిని ఏర్పరచుకొనుడని సంఘముతోనే చెప్పారు. ఆ ఏడుగురి పేర్లు చదవండి, అన్నియు గ్రీకు పేర్లే. ఫిర్యాదు చేసిన పక్షము చేతికే గరిటె వచ్చింది. సణుగుడు ఆగింది, వాక్యము వ్యాపించింది. కమిటీ ఎన్నిక అయిన మరుసటి ఆదివారము, ఓడినవారికి ఒక పనియు ఇవ్వక వెనుక బల్ల మీద కూర్చుండబెట్టే సంఘము తన చీలికను తానే విత్తుకొంటున్నది.

బడి, అన్నము, సరిహద్దు

కోవిల్‌పట్టికి తూర్పున ఎట్టయపురం ఉన్నది. మహాకవి సుబ్రహ్మణ్య భారతి పుట్టిన ఊరు. అక్కడి జమీందారులు తెలుగు మూలము కలిగిన రాజకంబళ నాయకులు. 1956లో కామరాజ్ ఆ ఊరిలో బడిపిల్లలకు మధ్యాహ్న భోజన పథకము ప్రారంభించారు. అంతకు చాలా ముందే, 1920 ప్రాంతములో, మద్రాసు కార్పొరేషను అధ్యక్షులుగా ఉన్న పిట్టి త్యాగరాయ చెట్టి గారు ఒక బడిలో ఇటువంటి ఏర్పాటు చేశారు. దానిని రాష్ట్రమంతటికి తెచ్చినవారు కామరాజ్. డబ్బు ఎక్కడిదని అధికారులు సందేహించారు. ఆయన వారితో వాదన పెట్టుకోక ఊరివారి దగ్గరకే వెళ్ళారు. కొంత ఊరివారు, కొంత ప్రభుత్వము భరించేటట్లు ఏర్పాటైంది. పిడికెడు బియ్యముతో చదువుకున్న బాలుడు ఆ పద్ధతినే రాష్ట్రమంతటికి విస్తరింపజేశాడు. ఉపాధ్యాయ శిక్షణ పొందిన నాబోటివారికి ఒక సంగతి తెలుసు. ఆకలితో ఉన్న పిల్లవాడు పలక మీద వ్రాయడు, ప్రక్కవానితో పోట్లాడతాడు. పోట్లాటల వెనుక అనేకసార్లు ఒక ఖాళీ కడుపో, ఒక ఖాళీ మనసో ఉంటుంది.

తెలుగువారికి, తమిళులకు మధ్య నున్న తగవు సంగతి కూడ చెప్పాలి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడింది. మద్రాసు నగరము మనకు దక్కలేదు. తిరుత్తణి ప్రాంతము చిత్తూరు జిల్లాలో ఉండిపోయిందని తమిళులకు బాధ. ఉభయ పక్షముల ఉద్రేకములు మద్రాసులో కాపురమున్న తెలుగువారికి ఎంత కష్టము కలిగించాయో ఆ తరమువారికి తెలుసు. చివరకు రెండు ప్రభుత్వములు పటాస్కర్ గారిని మధ్యవర్తిగా అంగీకరించాయి. ఎవరు గట్టిగా అరిచారని కాక, ముందుగా సూత్రములు నిర్ణయించుకొన్నారు. గ్రామమును ఒక్కొక్కటిగా చూడవలెను. భూభాగము కలిసి ఉండవలెను. సగము కంటె ఎక్కువమంది ఏ భాష మాట్లాడుదురో చూడవలెను. ఆ ప్రకారము తిరుత్తణి తమిళుల పక్షమునకు వెళ్ళింది. చెంగల్పట్టు, సేలం జిల్లాలలోని కొన్ని తెలుగు గ్రామములు ఆంధ్రకు వచ్చాయి. 1960 ఏప్రిల్ 1 నుండి అది అమలైంది. ఎవరికిని పూర్తి తృప్తి కలుగలేదు. కాని కొట్లాట ఆగింది. ఆ కాలములో మద్రాసులో కామరాజ్, ఆంధ్రలో నీలం సంజీవరెడ్డి గారు ముఖ్యమంత్రులు. తీర్పు రాకముందే కొలబద్ద ఒప్పుకొన్నవారు తీర్పు వచ్చిన తరువాత స్నేహితులుగా మిగలగలిగారు.

కాగితము మీది సమాధానము

ఆయన పాలనలో అన్నియు సవ్యముగా జరిగినవని చెప్పుట సత్యము కాదు. 1957లో, ఆయన పుట్టిన రామనాథపురం జిల్లాలోనే, ముదుకుళత్తూరు ప్రాంతమున ఒక ఉప ఎన్నిక తరువాత మరవర్లకు, దేవేంద్రకులస్తులకు మధ్య కొట్లాటలు చెలరేగాయి. సెప్టెంబరు 10న కలెక్టరు గారు రెండు పక్షముల నాయకులను పిలిచి సమాధాన సభ జరిపించారు. దేవేంద్రుల పక్షమున ఇమ్మానుయేల్ శేఖరన్ అను యౌవనస్థుడు, సైన్యములో పనిచేసి వచ్చినవాడు, ఆ సభలో కూర్చున్నాడు. మరుసటి రాత్రే పరమక్కుడిలో అతనిని నరికి చంపారు. ఆ తరువాత గుడిసెలు కాలాయి, అనేక ప్రాణములు పోయాయి. పోలీసు కాల్పులలో మరవర్లు మరణించారు. ముత్తురామలింగ దేవర్ గారిని అరెస్టు చేశారు. 1959లో కోర్టు ఆయనను నిర్దోషిగా విడిచిపెట్టింది. ప్రభుత్వము ఆలస్యముగా మేలుకొన్నదని ఒక పక్షము, అతిగా దండించినదని ఇంకొక పక్షము కామరాజ్ ప్రభుత్వమును నిందించాయి.

ఈ విషాదము మనకేమి నేర్పుతుంది? బల్ల దగ్గర ఇద్దరిని కూర్చుండబెట్టినంత మాత్రమున సమాధానము రాదు. ఒక పక్షమువాడు ఎదుటివానితో సమానముగా కుర్చీలో కూర్చొనుటనే ఇంకొక పక్షము సహించలేకపోతే, ఆ సభ ముగియుటయే క్రొత్త తగవుకు ప్రారంభము. ముందు మనుష్యుని మనుష్యునిగా ఒప్పుకొనవలెను. ఆ తరువాతనే షరతులు. మన సంఘములలోని కులభేదములను గూర్చి మనము ఈ సంగతిని దేవుని యెదుట ఆలోచించుకొనవలెను.

కుర్చీ దిగి కుదిర్చిన సంధి

1963లో కాంగ్రెసు కొన్ని ముఖ్యమైన ఉప ఎన్నికలలో ఓడిపోయింది. పదవులలో ఉన్న పెద్దలు కొందరు దిగివచ్చి పార్టీ పని చేయవలెనని కామరాజ్ నెహ్రూ గారికి సలహా ఇచ్చారు. అదే కామరాజ్ ప్లాను. ఆరుగురు కేంద్రమంత్రులు, ఆరుగురు ముఖ్యమంత్రులు పదవులు విడిచారు. ఆ కేంద్రమంత్రులలో మన బెజవాడ గోపాలరెడ్డి గారు ఒకరు. ఆ ముఖ్యమంత్రులలో కామరాజ్ గారే ఒకరు. 1963 అక్టోబరు 2న, తొమ్మిదేండ్లు పైగా కూర్చున్న కుర్చీని ఆయన విడిచిపెట్టారు. తనను ఆ పదవిలో నుండి ఎవరును దించలేదు. ఈ పథకము తమకు గిట్టనివారిని తొలగించుటకు పన్నినదని విమర్శించినవారు లేకపోలేదు. కాని ఇతరులను దిగమన్న మనిషి తాను ముందు దిగినందుచేత ఆ మాటకు విలువ వచ్చింది. త్వరలోనే ఆయన అఖిల భారత కాంగ్రెసు అధ్యక్షులయ్యారు.

1964 మే 27న నెహ్రూ గారు మరణించారు. తరువాత ప్రధానమంత్రి ఎవరు? దేశమంతా భయముతో చూస్తున్నది. మొరార్జీ దేశాయ్, లాల్ బహదూర్ శాస్త్రి గార్ల పేర్లు వినిపించాయి. ఓట్లకు దిగితే పార్టీ చీలునేమోనని అనుమానము. అందరి అభిప్రాయము తెలుసుకొని చెప్పే బాధ్యత కామరాజ్ గారికి అప్పగించారు. ఆయనకు హిందీ రాదు. ఇంగ్లీషు అంతంతమాత్రమే. ఆయన చేసిన పని వినుట. ముఖ్యమంత్రులను, పార్టీ పెద్దలను, పార్లమెంటు సభ్యులను వేరువేరుగా పిలిచి, వారి మనసులోని మాట విన్నారు. ఎదుటివాడు ఒంటరిగా చెప్పే మాటకు, పదిమందిలో చెప్పే మాటకు తేడా ఉంటుందని ఆయనకు తెలుసు. మత్తయి సువార్త పదునెనిమిదవ అధ్యాయములో మన ప్రభువు కూడ తప్పిదము చేసిన సహోదరునితో మొదట ఒంటరిగా మాటలాడమన్నాడు కదా!

జూన్ 2న శాస్త్రి గారిని ఏకగ్రీవముగా ఎన్నుకొన్నారు. తాత్కాలిక ప్రధానిగా ఉన్న గుల్జారీలాల్ నందా గారు ఆయన పేరు ప్రతిపాదించారు. బలపరచినవారు ఎవరనుకొన్నారు? ఆ పదవి ఆశించిన మొరార్జీ గారే. ఇక్కడ కూడ ఓడినవారికి గౌరవస్థానము దక్కింది. నెహ్రూ గారి మరణమునకు, ఈ ఎన్నికకు మధ్య ఒక వారమైనను గడవలేదు.

1966 జనవరి 11న శాస్త్రి గారు తాష్కెంటులో మరణించారు. ఈసారి కామరాజ్ గారినే ప్రధాని కమ్మని కోరినవారున్నారు. ఆయన ఒప్పుకొనలేదు. దేశమంతటితో మాటలాడగల భాష లేనివాడు ఆ పనికి తగడని తన కొలత తానే తీసుకొన్నారు. ఇందిరాగాంధీ గారిని బలపరచారు. మొరార్జీ గారు ఓటింగు కోరినందున జనవరి 19న ఎన్నిక జరిగింది. ఇందిర గారికి 355, మొరార్జీ గారికి 169 ఓట్లు. 1967 ఎన్నికల తరువాత మళ్ళీ అదే పోటీ రాబోగా, ఇందిర గారు ప్రధాని, మొరార్జీ గారు ఉపప్రధానిగా ఉండునట్లు కుదుర్చుటలో కామరాజ్ గారిదే ముఖ్య పాత్ర.

ఓటమి, చీలిక, చివరి దినములు

ఆ 1967 ఎన్నికలలోనే కామరాజ్ తమ స్వంత ఊరు విరుదునగర్‌లో ఓడిపోయారు. గెలిచినవాడు శ్రీనివాసన్ అను విద్యార్థి నాయకుడు. తేడా 1,285 ఓట్లు. బడులు తెరిపించిన మనిషిని ఓడించినవాడు విద్యార్థి నాయకుడు! 1965లో హిందీకి వ్యతిరేకముగా లేచిన విద్యార్థుల కోపమును, బియ్యము కొరతతో బాధపడిన ప్రజల కోపమును ఆయన పార్టీ సమయానికి వినలేకపోయింది. అందరిని వినుటయే తన బలముగా కలిగినవాని పార్టీ తన ఇంటి దగ్గరి పిల్లల మాట వినలేదు. దానికి మూల్యము చెల్లించింది. 1969లో నాగర్‌కోయిల్ ప్రజలు ఉప ఎన్నికలో ఆయనను గెలిపించి పార్లమెంటుకు పంపారు.

ఆ ఏడే రాష్ట్రపతి ఎన్నిక వచ్చింది. సంజీవరెడ్డి గారు, వి.వి. గిరి గారు, ఇద్దరు తెలుగువారు పోటీపడ్డారు. గిరి గారు గెలిచారు. ఆ తగవు నవంబరులో కాంగ్రెసును రెండుగా చీల్చింది. 1964లో దేశమును ఒక మాట మీద నిలిపిన కామరాజ్ గారు 1969లో తన పార్టీనే కలిపి ఉంచలేకపోయారు. కారణము కష్టమైనది కాదు. అప్పుడు ఆయన మధ్యవర్తి, ఇప్పుడు ఆయనే ఒక పక్షము. తగవులో భాగస్థుడైనవాడు ఎంత మంచివాడైనను తీర్పరి కాలేడు. అట్టి సమయములో ఇంకొకరిని పిలుచుటయే జ్ఞానము. ఆ రోజులలో అట్టి మనిషి ఒక్కడును మిగలలేదు.

అయినను ఆయన జీవితములో ఒక సుందరమైన సంగతి చివరికి జరిగింది. 1971 ఎన్నికలలో రాజాజీ గారి స్వతంత్ర పార్టీ, కామరాజ్ గారి పాత కాంగ్రెసు తమిళనాట కలిసి పోటీ చేశాయి. ముప్పది సంవత్సరములు ఎదురెదురుగా నిలిచిన ఇద్దరు ముసలివారు ఒకే వేదిక మీద ప్రక్కప్రక్కన నిలబడ్డారు. ఆ ఎన్నికలో వారి కూటమి ఓడిపోయింది. కాని వారి విరోధము అప్పటికే ఓడిపోయింది. మరుసటి ఏడు డిసెంబరు 25న, మనము క్రిస్మసు జరుపుకొనే దినముననే, రాజాజీ గారు మరణించారు.

కామరాజ్ గారు 1975 అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు, మద్రాసులో కన్నుమూశారు. పెండ్లి చేసికొనలేదు. స్వంత ఇల్లు కట్టుకొనలేదు. కాపురమున్నది అద్దె ఇల్లు. విరుదునగర్‌లో తల్లి ఉన్న చిన్న ఇంటికి మునిసిపాలిటీవారు ప్రత్యేకముగా నీళ్ళ కొళాయి వేయిస్తే, ఊరివారికి లేనిది తన ఇంటికెందుకని తీయించివేశారని నేటికిని చెప్పుకొంటారు. 1976లో ఆయనకు భారతరత్న ఇచ్చారు. విరుదునగర్‌లోని ఆ చిన్న ఇల్లు ఇప్పుడు స్మారక గృహము. తన కొరకు ఏమియు అడగనివాడు గనుకనే, పదవుల కొరకు పోట్లాడినవారు ఆయన మాట విన్నారు.

మన సంఘముల కొరకు

ప్రియులారా, లోతు కాపరులకు, అబ్రాహాము కాపరులకు జగడము వచ్చినప్పుడు, పెద్దవాడైన అబ్రాహామే ముందుగా కోరుకొనే హక్కు చిన్నవానికి విడిచిపెట్టాడు. ఫిలిప్పీ సంఘములో యువొదియ, సుంటుకే అను ఇద్దరు స్త్రీల మధ్య భేదము వచ్చినప్పుడు, పౌలు ఎవరి పక్షమును పట్టక ఇద్దరి పేర్లను చెప్పి ఇద్దరిని బ్రతిమాలాడు, వారికి సహాయము చేయుమని మూడవవానిని కోరాడు. కామరాజ్ గారు లేఖనములు చదివి నడుచుకొన్నవారు కాకపోవచ్చును. అయినను మనకు వ్రాసి ఇచ్చిన మార్గములో ఆయన చాలా దూరము నడిచారు. లేఖనములు చేతిలో ఉన్న మనము ఎంత దూరము నడిచామో పరీక్షించుకొనవలెను.

సంఘములో తగవు వచ్చినప్పుడు సర్వసభ్య సమావేశము పిలుచుటకు ముందు, ఇద్దరు పెద్దలు ఇంటింటికి వెళ్ళి ఒక్కొక్కరి మాట ఒంటరిగా వినండి. స్త్రీల మాట, యౌవనస్థుల మాట, వెనుక బల్లలవారి మాట మరువకండి. లెక్కల విషయమైతే ముందు కొలబద్ద ఒప్పుకొని, తరువాత పుస్తకము తెరవండి. ఎన్నికైన కమిటీవారు ఓడినవారికి వెంటనే ఒక గౌరవమైన పని అప్పగించండి. తగవు మీ గూర్చియే అయితే బయటి సంఘము నుండి ఒక నమ్మకమైన సేవకుని పిలవండి. మీరు దిగుటవలన సమాధానము వచ్చేటట్లయితే, ఎవరును దించకముందే దిగండి.

ఊరు విడిచి వచ్చి, ఈ తమిళ నేల మీద తెలుగులో పాడుకొంటూ, తెలుగులో ప్రార్థించుకొంటూ ఉన్న మన చిన్న మందలను ప్రభువు చీలికల నుండి కాపాడును గాక. సమాధానపరచేవారిని ప్రతి సంఘములోను లేపును గాక. ఆమేన్.